గురువారం లెక్కలు

లింగంపేట మా గల్లీ జనానికి, ముఖ్యంగా కువైట్‌ల ఉన్న నా పెండ్లాం రమకు ఇందుమూలంగా తెలియజేసేదేమంటే: మన నల్లకోడి సోమారం నుంచి గుడ్లు పెట్టుడు బందు చేసింది. కారణం అడిగితే కసురుతున్నది. అది తప్ప ఇక్కడ అందరం మంచిగున్నం, నువ్వూ మంచిగున్నవనుకుంట. నువ్వు పనిచేసే ఇంటి మేడం ఫోన్ ముట్టనియ్యదంటివి గద, ఈ కాయితం మన గల్లీ రాజలింగు చేతికిస్తున్న. ఎల్లుండి కువైట్ విమానం ఎక్కుతడు.

పదో తరగతి చదివే మన శ్వేత లెక్కల్ల ఎట్ల తప్పిందని అడిగినవు. లెక్కల సారు కుర్చీల గుర్రుపెడతడని పోయిన కాయితంల రాసిన. అది చదివి నువ్వు మీ అన్న చక్రధర్‌కు కాయితం రాసినవు. ఆయన సారు మీద అర్జీ రాసి, సంతకాలు పెట్టించి, కామారెడ్డిల పెద్దాఫీసర్లకు ఇయ్యనీకి తయారైండు.

బడిల కొత్త పద్ధతి వచ్చిన మాట నిజమే. ముందు నలభై నిమిషాలకో సారు మారేది. ఇప్పుడు పూటంత ఒక్కటే పాఠం, మల్ల ఆ పాఠం వారానికే. మంచి లేదనను. మొన్న సైన్సు పూట ఉప్పునీళ్లు కాగబెట్టి, గిన్నె అడుగున ఉప్పు మిగిలేదాక చూసిండ్రంట. వెనుకటి లెక్కనైతే నీళ్లు మసలక ముందే గంట కొట్టేటోళ్లు. కానీ ఒక్క పూట తప్పిందా, వారం మునిగినట్టే. లెక్కలు గురువారం.

గురువారమే కార్ఖానల బీడీలు అప్పజెప్పే దినం. పొద్దుగాల కూసుంటె గాని కట్టలు నిండవు. బీడీలు అప్పజెప్పకుంటే కార్ఖానోళ్లు నీ బీడీ కార్డు బందు చేస్తరు, అట్ల కానియ్యొద్దని రాసింది నువ్వే. నా చేతులకు మాటలు అల్లుడు తప్ప బీడీ చుట్టుడు రాదు. అందుకే జూన్ నుంచి ప్రతి గురువారం శ్వేతనే బీడీల చాట ముందు కూసోబెట్టిన.

"బాపూ, ఇంకో దినం ఇంట్ల ఆపు, లెక్కల దినం గాక" అన్నది.

"కార్ఖానోడు నీ టైంటేబుల్ చూసి గేటు తీస్తడా?" అన్న.

నవ్వుతదనుకున్న. నవ్వలే.

అర్జీ ఆపమని మీ అన్నకు నువ్వే రాయి. నేను చెప్తే వినడు. ఇన్నేండ్లల్ల నా మాటలల్ల ఆయన నమ్మింది ఈ అబద్ధమొక్కటే. సారు గుర్రుపెడతడన్నది పూరా నేను అల్లింది, రమా. ఆ సారే రెండు గురువారాలు పాఠం అయిపోంగనే మన ఇంటికొచ్చి "పిల్లేది?" అని అడిగిండు. ఎల్లారెడ్డికి మేనత్త ఇంటికి పోయిందన్న. లోపటి అర్రల ఆకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు ఆగింది. సారు కూడ విన్నడు.

ఇట్లు,
నీ పెనిమిటి
సిద్దిరాములు