ఇరవై ఒకటి దగ్గర ఆగిన అంకె

అక్కకు నీ తమ్ముడు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. అలవాటు కొద్దీ ఆ మాట రాశాను గానీ, అక్కడ నువ్వు క్షేమమేనా అని అడగడానికి కలం ఆడలేదు. బావ పోయి ఇవాళ్టికి నలభై ఒక్క రోజులు.

నీ ఉత్తరం అందింది. ముందు నా మోకాలి నొప్పి గురించి అడిగి, బావ సంగతి చివర్న అడిగావు. ఎప్పుడూ అంతే నువ్వు. మోకాలు ఫరవాలేదు, నీ మరదలు రోజూ కాపడం పెడుతోంది. నీ పెద్దాడు వాళ్ల నాన్న ఫోటోను గోడ మీంచి తీసేశాడని, ఆయన నిర్లక్ష్యమే మన కొంప ముంచిందన్నాడని రాశావు. వాణ్ణి తిట్టకు. ప్రమాదం మీద జరిగిన విచారణ కాగితంలో ఉన్నదే వాడు నమ్మాడు. 'ఎవరినీ అడగకుండా గదిలోకి వెళ్లాడు' అని అందులో రాసి ఉంది మరి.

బావ పోయిన మూడో గదిలోని ఆ చిప్పేమిటో, దానివల్ల ఏం జరిగిందో నీకు అర్థమయ్యేలా రాయమన్నావు. మా గోదాములో పళ్లు చెడకుండా గదుల్లో నత్రజని నింపుతారు. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. అది నిండిన చోట ప్రాణవాయువు అందక మనిషి రెండు ఊపిర్లు పీల్చేసరికి కూలబడతాడు. అందుకని ప్రతి గదిలో ప్రాణవాయువును కొలిచే మీటరు పెట్టాం, వాటిని చూసుకునేది నేనే. మామూలు గాలి ఉంటే నూటికి ఇరవై ఒకటి చూపిస్తుంది. ఆ అంకె తీగ వెంట వచ్చి తలుపు బయట తెర మీద పడుతుంది.

దాన్ని పంపేది గోరంత చిప్పు. దానికి తెలిసినవి ఒకట్లూ సున్నాలే. ఒకటి పంపాలంటే తీగలో కరెంటును కింది నుంచి పైకి ఎగరేస్తుంది, సున్నా అయితే పై నుంచి కిందికి దించుతుంది. ప్రతి గుర్తు నడుమా ఆ కదలిక ఉండి తీరాలి. తెర వైపున్న చిప్పు దాన్ని పట్టుకునే, భజనలో చప్పట్లు కలిపినట్టు, తాళం తప్పకుండా చదువుతుంది. కబురు చివర సరిచూసుకోవడానికి ఒక లెక్క ఉంటుంది. అది కుదరకపోతే ఆ చిప్పు కబురును పారేస్తుంది. అరవదు, గోల పెట్టదు. ఎన్ని పారేసిందో లోపల ఎక్కించుకుంటుంది, అంతే. తెర మీద మాత్రం పాత అంకె అలాగే ఉండిపోతుంది. పక్కనే ఒక పచ్చదీపం ఉంటుంది. తీగ తెగలేదని చెప్పడమే దాని పని. కబురు సరిగా అందిందో లేదో దానికేం తెలుసు?

మూడో గది చిప్పుకు కాలం చూపే చిన్న స్ఫటికం పాడైతే, పాత బోర్డులోంచి ఒకటి ఊడదీసి నేనే అతికించాను. నా బల్ల మీద చక్కగా నడిచింది. గది చలిలో కాలం తప్పింది. పారేసిన కబుర్ల లెక్క వేలల్లో ఉండగా నేను చూశాను, అక్కా. మర్నాడు తనిఖీ ఉందని ఆ లెక్కను సున్నా చేశాను. తర్వాత చూడొచ్చులే అనుకున్నాను. పని ఒత్తిడి అని బొంకను. బద్ధకం.

నిన్న ఇంతవరకే రాసి కాగితం మడిచాను. ఇవాళ మళ్లీ విప్పాను. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి బావ గోదాము లోపలి ఫోన్‌లో నాతో మాట్లాడాడు. ఖాళీ గది కదా, తలుపు రబ్బరు మార్చాలట. "ఏం తీగల డాక్టరూ" అని ఎప్పటిలాగే ఆటపట్టించాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఒరేయ్, మూడో గది అంకె నిన్నటి నుంచి ఇరవై ఒకటి దగ్గరే ఉంది. పిసరంత కూడా కదల్లేదు. లోపలికి వెళ్లొచ్చా?"

"పచ్చదీపం వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

"అయితే ఏం కాదు, వెళ్లు బావా. ప్రతిదానికీ నీకు అనుమానమే."

నవ్వి ఫోన్ పెట్టేశాడు. అప్పటికే పక్క గది వాల్వు కారి మూడో గది నిండా నత్రజని చేరింది. అరగంట తర్వాత గుమ్మానికి నాలుగడుగుల లోపల దొరికాడు. రబ్బరు చుట్ట ఇంకా భుజాన్నే ఉంది.

ఆ ఫోన్‌లో మాటలు ఎక్కడా నమోదు కావు. నీకెవరైనా ఫోన్ చేశారా అని విచారణ అధికారి అడిగితే, లేదన్నాను. కాగితంలో 'ఎవరినీ అడగకుండా' అన్న ఆ వాక్యం పడటానికి కారణం నేనే. బావ శవం పక్కన కూర్చుని నీ చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా చెప్పలేదు. నువ్వు నా కన్నీళ్లు తుడిచావు.

ఇవాళ పొద్దున వెళ్లి ఆ అధికారికి అంతా రాసిచ్చాను. ఉద్యోగం పోతుంది, జైలు పడినా పడొచ్చు. నీ మరదలికి చెప్పాను. ఇవాళ నా మోకాలికి కాపడం పెట్టలేదు. నిన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

పెద్దాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ఈ ఉత్తరం చదివి వినిపించు. నన్ను ఎంత తిట్టుకున్నా తిట్టుకోనీ. వాళ్ల నాన్న జాగ్రత్త గల మనిషి. అనుమానం వచ్చింది, ఆగాడు, అడిగాడు. నేను వెళ్లమన్నాను.

ఇట్లు,
నువ్వు పిలిస్తే తప్ప నీ గడప తొక్కని
తమ్ముడు