కంది క్రోమోజోమ్‌లో తలకిందుల ముక్క

కూకట్‌పల్లి,
14 జూన్ 2025

యశస్వినికి ఉమాశ్రీ నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. నమస్కారాలేంటని నవ్వకు, ఒసే అని పిలిచే మనసు ఇప్పుడు నాకు లేదు. నువ్వేమో ఫోన్ ఎత్తవు. ఆఫీసు మెయిల్లో రాస్తే పదిమందీ చదువుతారు. అందుకే ఈ కాగితం.

నువ్వు మా విత్తన కంపెనీ మానేసి రోడ్డుకు అవతలి కంపెనీలో చేరితే నేనేమీ అనుకోలేదు. మొన్న హైటెక్ సిటీ సదస్సులో నీ కంది పటం చూశాక మాత్రం ఒళ్లు మండింది. మనిద్దరం పక్కపక్కన కూర్చుని ఏ కంది రకానికి క్రోమోజోముల పటం గీశామో, అదే రకం! క్రోమోజోమ్ సన్నబడే నడుము ఎక్కడ, ఎండుతెగులును తట్టుకునే జన్యువు ఎక్కడ, అన్నీ మన పటంలో ఉన్నట్టే. మొక్క ఒకటే కాబట్టి పటమూ ఒకటే అంటావు. సరే, ఒప్పుకుంటాను.

మరి మూడో క్రోమోజోమ్ సంగతేంటి? నడుము పక్కన ఒక ముక్క మన చిత్తు పటంలో తలకిందులుగా పడింది. అందరూ వాడే పాత పటంలో అది తిన్నగానే ఉంది. చదివిన డీఎన్ఏ ముక్కలను అతికించేటప్పుడు కంప్యూటర్ తిరగేసిందనుకుని, నువ్వు వెళ్లాక నేను సరిచేశాను. నీ పటంలో ఇంకా తలకిందులుగానే ఉంది! ఇద్దరికీ ఒప్పులు కలవొచ్చు, తప్పులు కూడా కలుస్తాయా తల్లీ? మన చిత్తు పటం పట్టుకుపోయావన్నమాట.

వెళ్లే రోజు క్యాంటీన్‌లో, గంత ఫికర్ ఎందుకే, నీ పని నీదే, నా పని నాదే అన్నావు. అప్పుడు ఓదార్పనుకున్నాను. ఇప్పుడు ఆ మాట మీదా అనుమానమే. ల్యాప్‌టాప్ తిరిగిచ్చే ముందు అంతసేపు ఏం చేశావు? సదస్సులో నన్ను చూసి తల ఎందుకు తిప్పుకున్నావు?

మా పై అధికారి మధుకర్ గారికి చెప్పేశాను. కంగారు పడకండి, ముందు మొక్కను మైక్రోస్కోపు కింద చూద్దామండి, ఆ తర్వాతే ఫిర్యాదు అన్నారాయన. ఫిర్యాదు వెళ్తే నీ ఉద్యోగం పోతుంది. ఈ ఊళ్లో ఇంకే విత్తన కంపెనీ నిన్ను గడప తొక్కనివ్వదు. సోమవారంలోపు నువ్వే నోరు విప్పు.

నీ జవాబు కోసం కాచుకున్న,
ఉమాశ్రీ

తా.క.: కవరు అంటించబోతుంటే మధుకర్ గారు ఫోన్ చేశారు. మన కంది వేరుకొసల్లోని క్రోమోజోములకు రంగు పట్టించి చూశారట. ఆ ముక్క నిజంగానే తలకిందులుగా ఉందట. ఆ రకం పుట్టుకే అంతట. పాత పటం వేరే రకానిది. దాన్ని చూసి, సరిగ్గా ఉన్న మన పటాన్ని తప్పుగా దిద్దింది నేనే! నువ్వు మళ్లీ మొదటి నుంచి గీసినా ఆ ముక్క అలాగే వస్తుంది, ఉన్నది ఉన్నట్టు పెట్టావు. ఫిర్యాదు లేదు, ఏమీ లేదు. ఈ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. కానీ నిన్ను దొంగ అనుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి నీ ఎదుట నవ్వలేను. సిగ్గుగా ఉందే యశూ. రేపు మియాపూర్‌లో మీ ఇంటికొచ్చి దీన్ని నేనే నీ చేతికిస్తాను. నా ఎదుటే చదువు.