ఆగమన్న చోట ఆగే బస్సు

ఫిబ్రవరి 3

తీసుకున్నారు! మా అమ్మాయిని ఆ ప్రోటాన్ మెషీన్‌కి తీసుకున్నారు! కాలేయంలో క్యాన్సర్ గడ్డ పెద్దది, కోయడానికి లేదు, మామూలు రేడియేషన్ పెడితే బాగున్న కాలేయం కూడా మాడిపోతుంది అని రెండు ఆసుపత్రుల వాళ్లు చేతులెత్తేశారు. ఇవాళ మూడో చోట ఒక డాక్టరమ్మ ఫిల్ములన్నీ లైటు ముందు పెట్టి చూసి, చేద్దాం బాబాయ్ గారూ, గ్యారంటీ ఇవ్వను గానీ చేద్దాం అంది. నన్ను బాబాయ్ అంది! ఆ తల్లి చల్లగా ఉండాలి.

అల్లుడు వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఏమైందయ్యా అంటే జలుబు అన్నాడు.

ఆనందం పట్టలేక మా బావకి ఫోన్ చేశాను. మా అక్క భర్త. ఏదో ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాడు గానీ ప్రతిదానికీ తీర్పు చెబుతాడు కనుక అందరం జడ్జిగారు అంటాం. అంతా విని నిట్టూర్చాడు. ఎందుకయ్యా దాన్ని ఇంకా హింస పెట్టడం, తినాలనిపించింది పెట్టి ప్రశాంతంగా చూసుకోండి అన్నాడు. తనకి పన్ను పీకితే వీధి చివరిదాకా వినిపించేలా అరిచిన మనిషి, నా కూతురి ప్రశాంతత గురించి చెబుతాడు!

ఫిబ్రవరి 9

కిరణం ఎక్కడిదాకా వెళ్లాలో లెక్కలు కట్టడానికే అక్కడ ఒక పిల్ల ఉంది. ఫిజిక్స్ అమ్మాయి అంటున్నాను. ఆమెని అడిగి అడిగి విసిగించాను. చివరికి నాకు అర్థమైంది నేనే చెప్పాను. మామూలు కిరణం దారిలో ప్రతి ఇంటి ముందూ జనాన్ని దించుకుంటూ, ఊరు దాటాక కూడా దించుకుంటూ పోయే బస్సు. ఈ ప్రోటాన్ కిరణమైతే ఎక్కువమందిని చివరిదాకా కూర్చోబెట్టుకుని వచ్చి, చెప్పిన స్టాపులో దించి, అక్కడే ఇంజన్ ఆపేస్తుంది. అంతేనా? ఆ పిల్ల పకపకా నవ్వి, దాదాపు అంతే తాతగారూ అంది. తాత అన్నందుకు కోపం కూడా రాలేదు.

నేను ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాను. ఇంత పద్ధతి తెలిసిన బండిని చూడలేదు. జడ్జిగారి నోటికి ఇలాంటి బ్రేకు ఎవరూ బిగించలేదు.

ఒకటే షరతు. గడ్డ పక్కనే పొట్ట ఉంది. వెళ్లే ముందు మూడు గంటలు ఏమీ తినకూడదు. పొట్ట నిండితే ఉబ్బి బస్సు దారికి అడ్డం వస్తుందట.

ఫిబ్రవరి 17

మొదలైంది. ఒంటికి సరిపోయేలా గట్టిపడ్డ పరుపులో పడుకోబెట్టి, చేతులు పైకి పెట్టించి, ఊపిరి బిగపట్టమన్నారట. బయటికొచ్చాక ఎలా ఉందే అని అడిగాను. ఏమీ తెలియలేదు నాన్నా, పైన సీలింగుకి మేఘాల బొమ్మ అంటించారు, ఒక మేఘం అచ్చం జడ్జి మావయ్యలా ఉంది, బొజ్జతో సహా అంది. ఇంటికొచ్చి గంటసేపు నిద్రపోయి, లేచి కుట్టుమిషన్ ముందు కూర్చుంది. స్కూలు యూనిఫారాలు బాకీ ఉన్నాయట.

ఫిబ్రవరి 20

అక్కా, జడ్జిగారూ దిగారు. చూసి పోదామని వచ్చారట. శవం లేచిన ఇంటికి వచ్చినట్టు చెప్పులు కూడా చప్పుడు కాకుండా విప్పారు. అక్క అమ్మాయి చెయ్యి నిమురుతూ, ఎంత చలాకీగా ఉండేదిరా అంది. ఉండేది! టీవీ రిమోట్ కోసం ఎదురుగా మొగుడితో పోట్లాడుతున్న పిల్లని పట్టుకుని!

ఫిబ్రవరి 23

జడ్జిగారు ఎవరికో ఫోన్లో, ఇక ఎన్నో రోజులు లేదు అంటున్నాడు. నా కుర్చీలో కూర్చుని.

ఫిబ్రవరి 24, మధ్యాహ్నం

ఇవాళ కిరణం పెట్టకుండా వెనక్కి పంపేశారు. పెట్టే ముందు రోజూ చిన్న స్కాన్ తీస్తారు. ఫిజిక్స్ అమ్మాయి బయటికి వచ్చి, పొట్ట నిండా ఉంది, ఇవాళ కుదరదు, ఏం తిన్నారు అంది. నా కూతురు చెప్పులేసుకుని ముందే కారెక్కేసింది.

కారులో చెప్పింది. నేను స్నానానికి వెళ్లినప్పుడు అక్క క్రీమ్ కేకు ఇంత ముక్క, గ్లాసుడు పాలు పట్టుకొచ్చిందట. నేను అడగలేదు నాన్నా, అత్తయ్య ఏడుస్తూ నోటి దగ్గర పెట్టింది, తినకపోతే ఇంకా ఏడుస్తుందని తిన్నాను అంది.

చావు బతుకుల మధ్య ఉన్న పిల్ల, బతికున్నవాళ్లని ఓదార్చడానికి కేకు తింది!

అదే రోజు, సాయంత్రం

అరిచాను. అక్క, దాన్ని నోరు కట్టేసి పైకి పంపితే రేపు నాకు నిద్ర పడుతుందా అని ఏడుపు. నీ నిద్ర కోసం నా కూతురి కడుపు నింపుతావా అన్నాను. జడ్జిగారు గొంతు సవరించుకుని, ఒక్క రోజుకి ఏమవుతుందయ్యా, ఎలాగూ అని ఆగాడు. జీవితంలో మొదటిసారి ఆగాడు. అదీ ఒక మాట ఆలస్యంగా.

వాళ్ల పెట్టె నేనే మోసుకెళ్లి బస్సెక్కించాను. కిటికీ సీటే ఇప్పించాను, అంత మర్యాద ఉంది నాకు. వాళ్ల జాలి మామూలు కిరణం లాంటిది. ముందున్నదీ వెనకున్నదీ అంతా కాల్చుకుంటూ పోతుంది.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, పోయిన రోజుని చివర్లో కలుపుతాం, కంగారు పడకండి, కానీ మళ్లీ ఇలా కాకూడదు అంది. కాదు. వంటింటి తాళంచెవి నా మొలలో ఉంది.

మార్చి 11

చివరిది కూడా అయిపోయింది. ఇక మూడు నెలలు ఆగి స్కాన్. అందరికీ చెప్పేద్దామని ఫోన్ తీస్తే అమ్మాయి లాక్కుంది. ఏం చెప్తావు నాన్నా, ఇంకా తెలిసిందేముంది అంది. నిజమే. నాకూ బ్రేకు లేదు.

ఏప్రిల్ 19

జడ్జిగారు అల్లుడికి ఫోన్ చేసి, ఎలా ఉంది, ఇంకా మాట్లాడుతోందా అని అడిగాడట. మాట్లాడుతోంది, ఇప్పుడే నన్ను తిట్టి బట్టలు ఆరేయడానికి వెళ్లింది అన్నాడట. మా అల్లుడు నోరు తెరిస్తే అంతే.

జూన్ 14

గడ్డ సగానికి తగ్గింది! మిగిలిన సగంలోనూ జీవం కనిపించడం లేదట! పక్కనున్న పొట్టకి గీత కూడా పడలేదట! డాక్టరమ్మ చాలా జాగ్రత్తగా మాట్లాడింది. కాలేయం ఇంకా నీరసంగానే ఉంది, మూడు నెలలకోసారి చూస్తూ ఉండాలి, పూర్తిగా పోయిందని నేను అనను అంది. అనకు తల్లీ. ఆగమన్న చోట ఆగే మనిషివి, నీ మాట చాలు.

ఫిజిక్స్ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను. తాతగారూ, నా చెయ్యి కావాలి, లెక్కలున్నాయి అంది.

వచ్చేదారిలో అమ్మాయికి ఆకలేసింది. దుకాణం ముందు నిలబడి బన్ను తింది, ముక్క కూడా వదలకుండా. నేనూ అల్లుడూ సినిమా చూసినట్టు చూశాం. ఏంటి అలా చూస్తారు, నాకు దిష్టి తగులుతుంది అంది.

జూన్ 15

చెప్పాల్సినవాళ్లు. ఎవరు ముందుగా ఏడ్చేశారో వాళ్లకి ముందు.

జడ్జిగారు. స్పీకర్లో పెట్టి, అందరం వినేలా.

అక్క. ఇప్పుడు తెమ్మనాలి కేకు.

చిన్నాన్న కొడుకు. చావు కబురు రాగానే బయల్దేరాలని సెలవు అట్టేపెట్టుకున్నాడట. వాడుకోమనాలి, ఎక్కడికైనా తిరిగి రమ్మనాలి.

నా తోడల్లుడు. కుట్టుమిషన్ ఎవరికిస్తారు అని అడిగాడు. మిషన్ ఖాళీ లేదు.

అల్లుడి పిన్ని. కుర్రాడికి ఇంకా వయసుంది కదా అన్నావిడ. కుర్రాడు పెళ్లాంతో బజారుకి వెళ్లాడని చెప్పాలి.

నేను. నాకు రోజూ చెబుతూ ఉండాలి.