తెర మీద ‘చూడను’

3వ తేదీ, సోమవారం. ఉదయం 6.10
ఈ రోజు నుంచి టీవీ బంద్!!
కారణాలు: లెక్కల్లో 25కి 12. ఎనిమిది వందల మీటర్ల పరుగులో 2 నిమిషాల 58 సెకన్లు.
డ్రిల్లు మాస్టారు శనివారమే చెప్పేశారు. “లెక్కల్లో పదిహేను, పరుగులో 2.55 లోపు. రెండూ లేకపోతే 21న జట్టు చీటీలో నీ పేరుండదు. మొహమాటాల్లేవు.”
పోయినేడాది చీటీలో నా పేరు లేదు. స్నానాల గదిలో కుళాయి తిప్పి మరీ ఏడ్చాను. ఎవరికీ తెలీదు. (అమ్మకి తెలుసు. “నీళ్ళు వృథా” అంది.)
ప్రతిజ్ఞ నాలుగు రంగుల్లో రాశాను: నేను ఇకపై టీవీ చూడను. సరిగ్గా టీవీ తెర మధ్యలో అంటించాను. టేపు కనబడలేదు. అమ్మ తన బైండింగు షాపు నుంచి తెచ్చుకున్న జిగురు వాడాను. గట్టి జిగురు. నా పట్టుదల లాగే!
నాయనమ్మ ఒక్కతే గొణుగుతోంది. ఆవిడకి ఒక కంటికి ఆపరేషనై కట్టుంది, రెండో కంటికి అంతా మసక. “నువ్వు చూడకపోతే సీరియల్ నాకెవరు చెప్తారే? వాళ్ళు సగంసేపు మాట్లాడరు. గుడ్లురిమి చూసుకుంటారు.”
నేను కరగలేదు.

4, మంగళవారం. సాయంత్రం 7.15
సాయంత్రమంతా నాదే! టైంటేబుల్ గీశాను. గీత వంకర పోయిందని మళ్ళీ గీశాను. పెన్సిళ్ళన్నీ చెక్కాను. నావి అయిపోతే అమ్మవి చెక్కాను.
లెక్కలు: 0. రేపటి నుంచి.

6, గురువారం
ప్రాక్టీసు అయ్యాక ‘పొడుగుకాళ్ళు’తో కబుర్లాడుతూ నడిచి వచ్చాను. (నా క్లాసే. జట్టులో దాని చోటు ఎప్పుడూ ఖాయం. ఆ పేరు పెట్టింది నేనే.) సీరియల్ లేదు కదా, తొందరేముంది? ఇల్లు చేరేసరికి 6.50. ప్రాణం ఎంత హాయిగా ఉందో!

8, శనివారం
అడక్కపోయినా నాయనమ్మ సీరియల్ కథ చెప్పింది. “నర్సు ఏడ్చింది. ఎవరో తలుపేశారు. ఏదో పగిలింది.”
“ఎవరు వేశారు?”
“నాకేం తెలుసే, కట్టు కట్టుకుని కూర్చుంటే!”
తలుపు ఎవరు వేశారా అని నలభై నిమిషాలు ఆలోచించాను. లెక్కలు: 1. అదీ తప్పు.

10, సోమవారం
3 నిమిషాల 4 సెకన్లు!!
మాస్టారు స్టాప్‌వాచీని రెండుసార్లు అరచేతికేసి కొట్టారు. అది బాగానే ఉంది. “ఒంట్లో బాగాలేదామ్మా?” అన్నారు. ఆయన అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. భయమేసింది.
లెక్కల పరీక్ష: 9.
టీవీ మానేసిన వారంలో మూడు మార్కులూ ఆరు సెకన్లూ పోయాయి. ఎక్కడో తేడా కొడుతోంది.

11, మంగళవారం. 6.15
టీవీకి వీపు పెట్టి కూర్చున్నాను. వినడం చూడటం కిందికి రాదు.
6.22: ఎదురుగా బీరువా అద్దం. జడ సరిగ్గా లేదనిపించింది. అద్దం చూసుకోకూడదని ప్రతిజ్ఞలో లేదు. జడ పక్కన నర్సు కనిపిస్తే అది నా తప్పు కాదు.
6.45: జడ బాగానే ఉంది.

12, బుధవారం
“పెద్దదాన్ని అడుగుతున్నానే, ఒక్క రోజు చూసి చెప్పు” అంది నాయనమ్మ. పెద్దవాళ్ళ మాట కాదనకూడదు. ఇది చూడటం కాదు, సేవ.
కాగితం పీకాను. అంచులు చిరిగి వచ్చాయి. మధ్యలో ‘చూడను’ అనే ఒక్క మాట మాత్రం రాలేదు. ఎర్ర సిరా. సీరియల్లో మీసాలాయన ఎంతో కోపంగా నిలబడ్డాడు, మొహం మీద చూడను అని.
అమ్మ వచ్చి చూసింది. “అది వందేళ్ళు నిలవాల్సిన పుస్తకాలకి వాడే జిగురు. నీ ప్రతిజ్ఞకెందుకే?”

14, శుక్రవారం
6.00కి విజిల్. సంచీ భుజాన వేసుకుని పరుగో పరుగు. రెండు కిలోమీటర్లు. 6.14కి ఇంట్లో ఉన్నాను. సీరియల్లో నాలుగుసార్లు ప్రకటనలు. ప్రకటనకి రెండు లెక్కలు. మొత్తం ఎనిమిది!
అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ నేను పరిగెత్తింది దీని కోసం. లెక్కలు చేసింది దీని మధ్యలో. ఈ సంగతి చచ్చినా ఎవరికీ చెప్పకూడదు.

18, మంగళవారం
లెక్కల్లో 17!!! పరుగు 2.56. ఇంకో రెండు సెకన్లు.
“ఏం చేశావే?” అన్నారు మాస్టారు.
“టీవీ మానేశాను సార్.” నోరు జారింది. అబద్ధం కాదు. మానేశాను కూడా, మధ్యలో.
మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

20, గురువారం
రేపే చీటీ. రేపే సీరియల్లో పెట్టె తెరుస్తారు. నర్సు కన్నతల్లి ఎవరో అందులో ఉత్తరం ఉంది. రెండింటికీ భయంగా ఉంది. పేరు లేకపోతే ఈసారి కుళాయి చాలదు.

21, శుక్రవారం
పరుగు 5.50కి మొదలుపెట్టారు. ఆలస్యం. చివరి మలుపులో గోడ గడియారం కనిపించింది. అంతే, కాళ్ళు వాటంతటవే కదిలాయి.
2.53!!!
చీటీలో రెండో పేరు నాది. మూడుసార్లు చదివాను. అందరి ముందే ఏడ్చాను, కుళాయి లేకుండా.
6.02కి గేటు దాటబోతుంటే మాస్టారు సంచీ పట్టుకుని ఆపారు. “చిన్న క్లాసు పిల్లలకి నీ ప్రతిజ్ఞ గురించి రెండు ముక్కలు చెప్పు.” నేను రెండే చెప్పాను. ఆయన 6.29 దాకా చెప్పారు. ఇవాళ్టి నుంచి జట్టంతా టీవీ మానెయ్యాలట. పొడుగుకాళ్ళు నన్ను నమిలేసేలా చూసింది.
ఇంటికి 6.41. సీరియల్ అయిపోవచ్చింది. నాయనమ్మ ఒళ్ళు మండిపోయి కూర్చుంది.
“ఉత్తరం తీశారే. లోపల్లోపల చదువుకున్నారు. పైకి చదివితే వీళ్ళ సొమ్మేం పోయింది?”
“నా పేరు వచ్చింది నాయనమ్మా.”
“ఉత్తరంలోనా?”

23, ఆదివారం. ఉదయం 11.00
వారం మొత్తం సీరియల్ మళ్ళీ వేస్తారు. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెట్టె తెరిచారు. తెర నిండా ఉత్తరం.
“చదవవే!”
“నీ కన్నతల్లి పేరు...”
“ఊఁ, పేరు?”
ఆ తర్వాత ‘చూడను’ అని ఉంది. ఎర్ర సిరా. నా దస్తూరీ.
ఉత్తరం మడిచేశారు. నాయనమ్మ చెయ్యి వదిలేసింది. “పోన్లే, నీ పేరైనా కనబడింది కదా” అంది. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది.
మధ్యాహ్నం: వేణ్ణీళ్ళు, గుడ్డ, గోళ్ళు. ‘చూ’ పోయింది. ‘డను’ ఉంది.

సాయంత్రం 5.00
కొత్త ప్రతిజ్ఞ. జట్టు మొత్తానికి ఆదర్శం నేనే కాబట్టి తప్పదు. ఈసారి గోడకి, టేపుతో.
నేను ఇకపై టీవీ చూడను. రేపటి నుంచి.
రేపు నర్సు ఆ పేరు పైకి చెబుతుందట. కొట్టేసి, మంగళవారం నుంచి అని రాశాను.
నాయనమ్మ కట్టు విప్పేది వచ్చే సోమవారం. అదీ కొట్టేసి ఆ పై మంగళవారం నుంచి అని రాశాను. సాక్షి సంతకం నాయనమ్మది. కాగితం బయట, గోడ మీద పెట్టింది.