బుడగలు ఆగిన డ్రమ్ము

కీసర,
18 నవంబరు 2025, మంగళవారం.

చెల్లి జయమణికి,

మీ అన్న డేవిడ్‌రాజు దీవెనలు. దేవుని దయవల్ల మన క్రిస్టీ, పుట్టిన బిడ్డ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో నాకు మాట సరిగా రాదని నీకు తెలుసు. అబ్బాస్ ట్రాలీ జగ్గయ్యపేట వస్తుంటే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను.

నువ్వు క్రిస్టీ కాన్పుకని వెళ్తూ నాకు అప్పగించిన, పంటకు కొట్టే కంపోస్టు కషాయం గురించే. నిన్న కరెంటు పోయి, కషాయంలోకి గాలి ఊదే పంపు ఆగింది. నేనూ మీ ఆయన రత్నబాబు బావా కంచికచర్ల నుంచి వచ్చేసరికి డ్రమ్ములో బుడగలు లేవు. మూత తీస్తే మురుగు వాసన. మంచి కషాయం తడిమట్టి వాసన వేయాలి. గాలి అందకపోతే మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, కడుపు పాడుచేసేవి పెరుగుతాయి. పారబోసి, డ్రమ్ము తోమి ఎండబెడదామన్నాను.

బావ ఒప్పుకోలేదు. జీవామృతానికి వేసినట్టే పచ్చి పేడా, మళ్లీ బెల్లమూ కలిపాడు. బలం వస్తుందట. ఆ పాడు క్రిములు ఉండేది పచ్చి పేడలోనే, బెల్లం వాటికీ మేతే అన్నాను.

"వాసన చూసి జబ్బు చెప్పే డాక్టరువి ఎప్పుడయ్యావు బావా?" అని నవ్వాడు.

కరెంటు వచ్చి పంపు ఆడాక వాసన కొంచెం తగ్గింది. బాగుపడింది చూడమన్నాడు. వాసన తగ్గితే క్రిములు పోయినట్టు కాదమ్మా.

రేపు వంటల ముంతాజ్ అక్క మన కొత్తిమీర కోయించుకుంటానంది. నందిగామలో పెళ్లి. పెరుగు చట్నీలో పచ్చిదే వేస్తారు, పిల్లలూ తింటారు. నాకు కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే మడి దాకా వెళ్లి తిరిగొస్తున్నాను. రోజూ రాసుకునే ఖర్చులు కూడా ఇవాళ రాయలేదు.

పచ్చిగా తినే ఆకు మీద ఆ నీళ్లు వద్దని బావకు నువ్వు గట్టిగా చెప్పాలి. నీ మాటైతే వింటాడు.

బిడ్డకు నా ముద్దులు.

మీ అన్న,
డేవిడ్‌రాజు

తా.క.: పైన అంతా రాయలేకపోయాను. ఆ కషాయం బావ పొద్దున్నే కొత్తిమీర మీద కొట్టేశాడు. కడిగితే పోతుందంటాడు. ఆకు మడతల్లో పట్టింది పోదు. ఆయన నందిగామ వెళ్లగానే మడంతా పీకి, గుంట తీసి పూడ్చేశాను. ముంతాజ్ అక్కను వేరేచోట చూసుకోమన్నాను, ఎందుకో చెప్పలేదు. నీ పంట నిన్ను అడక్కుండా పీకాను. బావ ఇంకా చూడలేదు. ఇవాళ సాయంత్రం బస్సుకే రా. ఆయనకు నేనే చెప్తాను, నువ్వు పక్కన నిలబడు.