మా ఇంటి పావడా

శనివారం రాత్రి, లెటర్‌కెన్నీ

ఈ రోజు నేను ఒక ఇంటికి పావడా కట్టాను. చరిత్ర దీన్ని గుర్తుంచుకోవాలి.

పోయిన వారం మా ఓనరు మార్టిన్ తేల్చేశాడు. ఈ మొబైల్ హోమ్ నేల కింద అంతా ఖాళీ, అక్కడ చలిగాలి దూరితే నీళ్ల పైపులు గడ్డకడతాయి, చుట్టూ స్కర్టింగ్, అంటే నేల దాకా పలకల పావడా, వేయకపోతే చలికాలం లోపే ఖాళీ చేయాలట. ఈ ఐరిష్ ఊళ్లో ఇంకో గది దొరకదు. వెళ్లేది లేదన్నాను.

ప్లైవుడ్ ఈ వానకు ఉబ్బిపోతుందని ప్లాస్టిక్ పలకలు తెచ్చాను. అన్నీ బిగించి చివరిది ఎత్తేసరికి రూమ్మేట్ శ్రవణ్ అడ్డం పడ్డాడు.

"అరే, ఈశాన్యం మూస్తున్నవారా? ఇల్లు ఆగమైతది!"

"చక్రాల మీది ఇల్లురా ఇది. వాస్తు కావాలంటే తిప్పి పెట్టుకుందాం."

"అయితే తిప్పు మరి!"

వాదించే ఓపిక లేక ఆ మూల పలక బదులు ఇనుప జాలీ బిగించాను.

సాయంత్రం మార్టిన్ వచ్చి వంగి వంగి చూశాడు. కింద గాలి ఆడకపోతే చెమ్మ పట్టి నేల కుళ్లిపోతుందట. ఆ ముక్క ముందు చెప్పడం మరిచాడట.

"గ్రాండ్! ఈదురుగాలి తగలని వైపే జాలీ పెట్టావు. ఇంజినీరువి అనిపించుకున్నావు. గాలి ఆడేలా ఎదురు మూల చిన్నది ఇంకోటి పెట్టు, హాయిగా ఉండండి."

"థాంక్యూ" అన్నాను, మహా గంభీరంగా.

బయట గాలి అరుస్తోంది. అరుచుకోనీ, మేం కదలం. మార్టిన్ మెచ్చుకున్నది దేన్నో శ్రవణ్‌కి మాత్రం చెప్పలేదు. చెబితే రేపు పొయ్యి ఆగ్నేయానికి జరపమంటాడు.