మాబెల్ ఏడ్చింది

నవంబరు 9

నా హవీస్ నిన్న పోయింది. నొప్పులు మొన్న సాయంత్రం మొదలయ్యాయట. నేను సరిహద్దు కోటలో కాపలా వంతులో ఉన్నాను. కబురు అందేసరికి తెల్లవారింది. ఏరు పొంగి ఉంది. చుట్టు తిరిగి వచ్చాను. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం. పాప ముందే పోయింది. హవీస్ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. కళ్లు తెరవలేదు.

పాప పుట్టగానే గట్టిగా ఏడ్చిందని మంత్రసాని ఆల్డిత్ చెప్పింది. ఎక్కువసేపు ఉండదని తెలిసి, ప్రాణం ఉండగానే తానే నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చిందట. ఏం పేరు పెట్టమంటావు తల్లీ అని హవీస్‌ను అడిగితే, మాబెల్ అందట.

నాకు మటిల్డా అన్న పేరు ఇష్టం. నాలుగు నెలలు వాదించుకున్నాం. తనే గెలిచింది.

నవంబరు 10

హవీస్‌ను చర్చి ఆవరణలో వాళ్ల నాన్న పక్కన సమాధి చేశాం. పాపను పెట్టనివ్వలేదు. చచ్చిపుట్టిన బిడ్డకు బాప్తిస్మం లేదు, అది లేనివాళ్లకు ఇక్కడ చోటు లేదు బాబూ, తల్లి మనసు కుదుటపడాలని ఏ మంత్రసానైనా ఏడ్చిందనే చెబుతుంది, అన్నాడు ఫాదర్ ఎడ్మర్. చెడ్డవాడు కాడు. కళ్లు తుడుచుకుంటూనే అన్నాడు.

మాబెల్ ప్రహరీ బయట, ముళ్లకంచె కింద ఉంది. తల్లికీ బిడ్డకూ మధ్య ముప్పై ఒక్క అడుగు. కొలిచాను.

నవంబరు 17

హవీస్ చిన్నాన్న వారిన్ వచ్చాడు. పరామర్శ రెండు మాటల్లో తేల్చేశాడు. ఈ ఊరూ, పొలాలూ హవీస్ పుట్టింటివి. చట్టం ప్రకారం మాకు పుట్టిన బిడ్డ నాలుగు గోడల మధ్య ఏడ్చినట్టు రుజువైతే నేను బతికినన్నాళ్లూ నావి. లేకపోతే ఆయనవి. ఆ ఏడుపు మగవాడు విని ఉండాలి. ఆడవాళ్ల సాక్ష్యం చెల్లదు.

పారిస్‌లో అంత చదువు వెలగబెట్టావు, నీకు నేను చెప్పాలా అల్లుడూ, అన్నాడు. అయినా తలుపులూ కిటికీలూ బార్లా తీసిపెట్టుకుని కన్నారట కదా, ఇక గోడలెక్కడివి, అని నవ్వాడు.

అదే రోజు, సాయంత్రం గంట మోగకముందు

ఎడ్మర్ దగ్గరికి వెళ్లాను. పాప ఏడ్చిందని కోర్టు తేలిస్తే ఏమంటారు, అని అడిగాను. చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. తీర్పు చెప్పే పన్నెండు మంది నైట్లు, అంతటి దొరలు, ప్రమాణం చేసి చెబితే కాదనడానికి నేనెవర్ని, పాపకు నా చేత్తోనే చర్చి ఆవరణ గేటు తీస్తాను, అన్నాడు.

ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చాను. ఎందుకో తెలియదు. నలభై రెండేళ్లవాణ్ణి.

నవంబరు 18

ఒక్క మగవాడు చాలు. వంటవాడు బయట రొట్టెల పొయ్యి దగ్గర ఉన్నాడట. పాలేళ్లు పొలంలో. ఎడ్మర్ పక్క ఊళ్లో.

నవంబరు 20

ఎవరూ లేరు.

నవంబరు 21

ఉన్నాడు!

నెమ్మదిగా రాయాలి.

ఆ రోజు సంగతి మొదటినుంచీ మళ్లీ చెప్పమని ఆల్డిత్‌ను కూర్చోబెట్టాను. కాన్పు కష్టమైతే ఇంట్లో బిగించి ఉన్నదేదీ ఉండకూడదని ఆమె నమ్మకం. తలుపులు తీసింది. పెట్టెల మూతలు ఎత్తింది. ఆడవాళ్ల జడలు విప్పించింది. లాయంలో గుర్రాల పలుపులు కూడా ఊడదీయించింది. చివరికి వాకిట్లో గుంజకు కట్టిన గుర్రాన్నీ వదిలేసిందట. అదెవరిది, అన్నాను. ఏమో దొరా, దాని మనిషి మాత్రం లోపలిదాకా వచ్చి నన్ను నానా తిట్లూ తిట్టాడు, అంది.

లోపలికా?

హాల్లోకి, దొరా. నా గుర్రాన్ని విప్పిన ముసలిదెవత్తే అని గుమ్మం దాటి వచ్చాడు. అప్పుడే పాప కేరుమంది. నోరు మూసుకుని టోపీ తీసి నిలబడ్డాడు, అంది.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అరిచాను. నన్ను గుర్రాల సంగతి ఎవరడిగారు దొరా, అంది. ఆమెను కౌగిలించుకున్నాను. ఇద్దరం సిగ్గుపడ్డాం.

నవంబరు 24

మూడు రోజులు వాకబు చేసి పట్టుకున్నాను. అతని పేరు ఆస్బెర్న్. వారిన్ మనిషే. కాన్పు కబురు తెమ్మని ఆయనే పంపాడట. వారిన్ లాయంలో గుర్రం డెక్క చెక్కుతూ కనిపించాడు. తల ఎత్తలేదు. ఆయన ఉప్పు తింటున్నాను దొరగారూ, నన్నేమీ అడక్కండి, అన్నాడు.

అడగలేదు. పాప కంచె కింద ఉందని మాత్రం చెప్పాను. తిరిగి గుర్రం ఎక్కుతుంటే వెనకనుంచి అన్నాడు: గొంతు మటుకు చాలా పెద్దదండీ.

దారంతా ఆ మాటే. చాలా పెద్దది. చాలా పెద్దది.

నవంబరు 30

వారిన్ మళ్లీ వచ్చాడు. నాకెవరో సాక్షి దొరికాడని విన్నాడట, ఈసారి నవ్వు లేదు. సగం పొలాలూ, మిల్లూ నీకు వదిలేస్తాను, బిడ్డ ఏడవలేదని కోర్టులో ఒక్క మాట అనేయ్ అల్లుడూ, అన్నాడు. పోయిన పసిగుడ్డు ఏడిస్తే నీకేం, ఏడవకపోతే నీకేం, అన్నాడు.

అనను మామగారూ, అన్నాను.

ఓడితే నాకు మిగిలేది ఒక గుర్రం, ఒక పుస్తకాల పెట్టె. అయినా హాయిగా ఉంది. మూడు వారాల తర్వాత ఇవాళ కడుపునిండా తిన్నాను.

డిసెంబరు 3, హెరెఫర్డ్

కోర్టు కిక్కిరిసింది. నేను ఆస్బెర్న్ పేరు చెప్పగానే వారిన్ పకపకా నవ్వాడు. నా మనిషే కదా, పిలవండి, అన్నాడు.

ఆస్బెర్న్ వచ్చాడు. పునీతుల ఎముకలున్న పవిత్ర పెట్టె మీద ప్రమాణానికి చెయ్యి పెట్టాడు. వారిన్ వైపు చూసి, క్షమించండి దొరా, అన్నాడు. గుర్రం పోయిందన్న కోపంతో హాల్లో నిలబడి అరుస్తున్నానట. పాప అతనికంటే గట్టిగా అరిచిందట. నాకే సిగ్గేసిందండీ, అన్నాడు.

హాలంతా గొల్లున నవ్వింది. తలుపులు తెరిచి ఉన్నాయి కదా అని వారిన్ లేచాడు. ముసలి నైట్ ఒకాయన, తలుపు తీస్తే గోడలు కూలిపోతాయా వారిన్, మా ఇంట్లో ఎప్పుడూ కూలలేదే, అన్నాడు.

పన్నెండు మందీ ప్రమాణం చేశారు. బిడ్డ పుట్టింది. ఏడ్చింది. రాతలో పెట్టారు. పేరు కూడా రాయమన్నాను. అవసరం లేదన్నాడు గుమాస్తా. రాయమన్నాను. రాశాడు.

డిసెంబరు 4

ఆస్బెర్న్‌ను వారిన్ వెళ్లగొట్టాడు. మా లాయంలో ఉన్నాడు. రేపు తానూ పార పట్టుకుని వస్తానన్నాడు. వద్దన్నాను.

ఇంట్లో ఆల్డిత్ విప్పినవేవీ నేను మళ్లీ కట్టనివ్వలేదు. పెట్టెల మూతలు లేచే ఉన్నాయి.

ఎడ్మర్ గేటు తీస్తాడు. ముప్పై ఒక్క అడుగు. రేపు పొద్దున్నే పాపను నేనే ఎత్తుకుని నడుస్తాను.